లస్టర్ ఫైల్ సిస్టమ్: పనితీరును శ్రుతి చేసే విధానం



ఈ హాస్టల్లో చదువుకుని, తరువాత కంప్యూటర్ రంగంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులం కొందరం కలిసి వార్షికోత్సవ సంచికకు ఈ పాఠం రాస్తున్నాం. మీలో చాలామంది రేపు ఇంజనీరింగ్, ఎం.సి.ఎ., ఎం.ఎస్సి. చదువులకు వెళతారు. అక్కడ ఏదో ఒక రోజు పెద్ద కంప్యూటర్ సమూహం మీద, అంటే క్లస్టర్ మీద, ప్రాజెక్టు పని చేయవలసి వస్తుంది. ఆ యంత్రం మీద మనకిచ్చే సమయం లెక్క ప్రకారం ఉంటుంది. గడువు దాటితే పని మధ్యలోనే ఆగిపోతుంది. అప్పటివరకు దాచుకోని ఫలితం పోయినట్లే. ప్రోగ్రాం సరిగ్గానే రాసినా, ఫైళ్ళు దాచే పద్ధతి తెలియక సమయం పోగొట్టుకునేవారు ఎక్కువ. ఇంట్లో కంప్యూటర్ ఉండి పెరిగినవారికి ఎవరో ఒకరు చెబుతారు. మన పిల్లలకు మనమే చెప్పుకోవాలి. అందుకే ఈ పాఠం.

క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటి?

మామూలు కంప్యూటర్లో డిస్కు ఒక్క యంత్రానికే చెందుతుంది. క్లస్టర్లో వందలు, వేల కంప్యూటర్లు (వీటిని నోడ్లు అంటారు) ఒకే ఫైళ్ళను ఒకేసారి చదవాలి, రాయాలి. ఏ నోడ్ నుంచి చూసినా ఒకే ఫైలు ఒకే రూపంలో కనిపించాలి. ఈ ఏర్పాటు చేసేదే క్లస్టర్ ఫైల్ సిస్టమ్. ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో సూపర్ కంప్యూటర్లలో విస్తారంగా వాడే లస్టర్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

లినక్స్, క్లస్టర్ అనే రెండు మాటలు కలిపి లస్టర్ అనే పేరు పెట్టారు. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్రామ్ దీనిని పరిశోధనగా మొదలుపెట్టారు. 2001లో ఆయన క్లస్టర్ ఫైల్ సిస్టమ్స్ అనే సంస్థను స్థాపించారు. 2003లో 1.0 వెర్షన్ విడుదలైంది. ఆ సంస్థను 2007లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్ళింది. అదే ఏడాది పుట్టిన వామ్‌క్లౌడ్ సంస్థ లస్టర్ అభివృద్ధిని చేపట్టింది. వామ్‌క్లౌడ్‌ను 2012లో ఇంటెల్ కొన్నది, 2018లో లస్టర్ విభాగం డీడీఎన్‌కు చేరింది. ఇన్ని చేతులు మారినా లస్టర్ ఆగిపోలేదు. కారణం, దాని సోర్సు కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉండటమే.

2022లో ప్రపంచంలో మొదటి స్థానం పొందిన అమెరికా ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఫ్రాంటియర్ యంత్రానికి ఓరియన్ అనే లస్టర్ ఫైల్ సిస్టమ్‌నే అమర్చారు. మన దేశంలో నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద 2019లో వారణాసి ఐఐటీలో ప్రారంభమైన పరమ్ శివాయ్‌లోనూ లస్టరే ఉంది. అదే మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ అనే యంత్రాన్ని నెలకొల్పారు. కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు.

నిర్మాణం: మన మెస్సుతో పోలిక

మన హాస్టల్ స్టోర్ రూంనే తలచుకోండి. ఏ సరుకు ఎక్కడుందో రిజిస్టరులో రాసి ఉంటుంది. సరుకు మాత్రం గదుల్లో ఉంటుంది. లస్టర్ కూడా అంతే.

1. మెటాడేటా సర్వర్: ఇది రిజిస్టరు. ఫైలు పేరు, యజమాని, అనుమతులు, ఫైలు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయనే వివరం ఇక్కడ ఉంటాయి.

2. ఆబ్జెక్ట్ స్టోరేజ్ సర్వర్లు: ఇవి గదులు. ఒక్కొక్క సర్వర్ కింద కొన్ని ఓఎస్‌టీలు, అంటే డిస్కుల గుంపులు ఉంటాయి. అసలు సమాచారం వీటిలో ఉంటుంది.

3. క్లయింట్లు: లెక్కలు చేసే నోడ్లు. సరుకు కావలసినవారు వీరే.

4. ఎల్‌నెట్: వీటన్నింటినీ కలిపే నెట్‌వర్క్ పొర.

క్లయింట్ మొదట రిజిస్టరు దగ్గరకు వెళ్ళి చిరునామా తెలుసుకుంటుంది. ఆ తరువాత నేరుగా గదులకే వెళుతుంది. పెద్ద ఫైలు విషయంలో రిజిస్టరుతో పని ఒక్కసారే. లస్టర్ వేగానికి మూలం ఇదే. అది నెమ్మదించడానికి గల కారణాలు కూడా ఇక్కడే దొరుకుతాయి. రిజిస్టరు దగ్గర గుంపు చేరితే ఒక రకం జబ్బు, గదుల దగ్గర చేరితే మరొక రకం, దారి ఇరుకైతే ఇంకొక రకం. జబ్బు తెలియకుండా మందు వేయకూడదు.

మొదటి మెట్టు: కొలవడం

డప్పును మంటకు కాచి శ్రుతి చేస్తారని మీకు తెలుసు. కాచేవాడు మధ్యమధ్యలో కొట్టి వింటాడు. వినకుండా కాస్తూ పోతే తోలు పగులుతుంది. ఫైల్ సిస్టమ్ శ్రుతి కూడా అలాంటిదే.

పెద్ద ఫైళ్ళ వేగం కొలవడానికి ఐఓఆర్ అనే ప్రోగ్రాం, ఫైళ్ళు సృష్టించే, తెరిచే, తుడిచే వేగం కొలవడానికి ఎండీటెస్ట్ అనే ప్రోగ్రాం ఉన్నాయి. నెట్‌వర్క్‌ను మాత్రమే పరీక్షించడానికి ఎల్‌నెట్ సెల్ఫ్‌టెస్ట్ ఉంది. 2017 నుంచి వెలువడుతున్న ఐఓ500 జాబితా కూడా ఐఓఆర్, ఎండీటెస్ట్ కొలతల మీదే ఆధారపడింది.

కొలిచేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పరీక్ష ఫైలు నోడ్ మెమరీకి రెట్టింపైనా ఉండాలి. లేకపోతే మనం కొలిచేది డిస్కును కాదు, మెమరీని. రెండవది, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడవది, ఒకే పరీక్షను వేరువేరు వేళల్లో కనీసం మూడుసార్లు చేసి నోటుబుక్కులో రాసుకోవాలి. క్లస్టర్ మన ఒక్కరిది కాదు. పక్కవారి పని మన అంకెలను మార్చేస్తుంది.

రెండవ మెట్టు: స్ట్రైపింగ్

మెస్సులో రెండు వందల మందికి ఒక్క గంటెతో వడ్డిస్తే గంట పడుతుంది. నాలుగు చోట్ల వడ్డిస్తే పావుగంట చాలు. లస్టర్‌లో ఒక ఫైలును ముక్కలు చేసి అనేక ఓఎస్‌టీల మీద వరుసగా పరచడాన్ని స్ట్రైపింగ్ అంటారు. ఎన్ని ఓఎస్‌టీల మీద పరచాలి అనేది స్ట్రైప్ కౌంట్. ఒక్కొక్క ముక్క ఎంత అనేది స్ట్రైప్ సైజు. మనం ఏమీ మార్చకపోతే సాధారణంగా కౌంట్ 1, సైజు 1 ఎంబీ ఉంటాయి. అంటే ఎంత పెద్ద ఫైలైనా ఒక్క ఓఎస్‌టీ మీదే పడుతుంది.

ఒక లెక్క చేద్దాం. ఒక్కొక్క ఓఎస్‌టీ సెకనుకు 500 ఎంబీ రాయగలదనుకుందాం. నోడ్ నెట్‌వర్క్ వేగం సెకనుకు 100 గిగాబిట్లు, అంటే 12.5 జీబీ. ఫైలు 100 జీబీ.

స్ట్రైప్ కౌంట్ 1 అయితే: 200 సెకన్లు.
4 అయితే: 50 సెకన్లు.
8 అయితే: 25 సెకన్లు.
32 అయితే: ఓఎస్‌టీలు 16 జీబీ తీసుకోగలవు కానీ దారి 12.5 జీబీకే సరిపోతుంది. కాబట్టి 8 సెకన్లు. ఇక్కడి నుంచి కౌంట్ ఎంత పెంచినా లాభం లేదు.

ఇవి కాగితం మీది గరిష్ఠ వేగాలు. రాసే ప్రోగ్రాం కూడా అంత వేగంగా అందించగలగాలి. ఒక్క ప్రాసెస్ అంత ఇవ్వలేనప్పుడు అనేక ప్రాసెస్‌లు పంచుకుని రాయాలి.

ఈ సెకన్లకు విలువేమిటని అడగవచ్చు. 40 నోడ్ల మీద 24 గంటల పని నడుస్తోందనుకోండి. కరెంటు పోయినా, గడువు ముగిసినా ఫలితం పోకుండా గంటకొకసారి 100 జీబీ చెక్‌పాయింట్ రాస్తున్నాం. కౌంట్ 1 అయితే 24 సార్లు 200 సెకన్లు, మొత్తం 80 నిమిషాలు. కౌంట్ 8 అయితే 10 నిమిషాలు. తేడా 70 నిమిషాలు. ఆ 70 నిమిషాలూ 40 నోడ్లు ఖాళీగా నిలబడతాయి. 2,800 నోడ్ నిమిషాలు, అంటే దాదాపు 47 నోడ్ గంటలు ఒక్క రోజులో వృథా. లెక్కగా ఇచ్చిన సమయంలోంచి ఇంత పోతే, మన సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం పోయినట్లే.

స్ట్రైప్ కౌంట్ పెట్టడానికి ఎల్‌ఎఫ్‌ఎస్ సెట్‌స్ట్రైప్ అనే ఆదేశం ఉంది. ఎంత ఉందో చూడటానికి ఎల్‌ఎఫ్‌ఎస్ గెట్‌స్ట్రైప్. ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. ఫైలు పుట్టినప్పుడే దాని అమరిక నిర్ణయమవుతుంది. డైరెక్టరీకి కౌంట్ మారిస్తే ఆ తరువాత పుట్టే ఫైళ్ళకే అది వర్తిస్తుంది. పాత ఫైలును అదే ఫైల్ సిస్టమ్‌లో ఆ డైరెక్టరీలోకి జరిపినా అమరిక మారదు. కాపీ చేయాలి, లేదా ఎల్‌ఎఫ్‌ఎస్ మైగ్రేట్ వాడాలి.

2017లో వచ్చిన 2.10 వెర్షన్‌లో ప్రోగ్రెసివ్ ఫైల్ లేఅవుట్ చేర్చారు. దీనితో ఫైలు మొదటి భాగాన్ని ఒక్క ఓఎస్‌టీ మీద, పెరిగే కొద్దీ తరువాతి భాగాలను నాలుగు, పదహారు ఓఎస్‌టీల మీద పరచమని ముందే చెప్పవచ్చు. ఫైలు ఎంత పెరుగుతుందో ముందుగా తెలియనివారికి ఇది మంచి సౌకర్యం.

మూడవ మెట్టు: చిన్న ఫైళ్ళ బెడద

పది లక్షల చిన్న ఫైళ్ళు, ఒక్కొక్కటి 10 కేబీ అనుకుందాం. మొత్తం 10 జీబీ. ఒకే పెద్ద ఫైలుగా ఉంటే సెకనుకు 500 ఎంబీ చొప్పున 20 సెకన్లలో చదవవచ్చు. విడివిడిగా ఉంటే ప్రతి ఫైలుకూ రిజిస్టరు దగ్గరకు వెళ్ళాలి. ఒకదాని తరువాత ఒకటి తెరుస్తూ, ఒక్కొక్కదానికి ఒక మిల్లీ సెకను పట్టినా, తెరవడానికే వెయ్యి సెకన్లు. అంటే దాదాపు 17 నిమిషాలు. అసలు చదవడం ఇంకా మొదలు కాలేదు!

దీనికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. మెటాడేటా సర్వర్ అందరిదీ. ఒక్కరు లక్షల ఫైళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటే, మిగిలిన వందమందికీ చిన్న ఆదేశం కూడా కదలదు. వరుసలో ముందు నిలబడిన ఒక్కడు గుప్పెడు గుప్పెడుగా అన్నం అడుగుతూ ఉంటే వెనుక వరుస అంతా ఆకలితో నిలబడినట్లు. 2013లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి ఒకటి కన్నా ఎక్కువ మెటాడేటా సర్వర్ల మధ్య డైరెక్టరీలను పంచే వీలు కలిగింది. అయినా వాడుకునేవారి క్రమశిక్షణకు అది బదులు కాదు.

చేయవలసినవి ఇవి:

అ) చిన్న ఫైళ్ళను టార్ ఫైలుగానో, హెచ్‌డీఎఫ్5 వంటి రూపంలోనో ఒకటిగా కట్టండి. ట్రంకు పెట్టెలో సర్దుకున్నట్లు.

ఆ) చిన్న ఫైళ్ళున్న డైరెక్టరీకి స్ట్రైప్ కౌంట్ 1 ఉంచండి. 10 కేబీ ఫైలుకు కౌంట్ 8 పెడితే ఒక్క ముక్కలోనే సమాచారం ఉంటుంది, మిగిలిన ఏడూ ఖాళీ. కానీ తుడిచేటప్పుడు ఎనిమిదింటినీ తుడవాలి.

ఇ) ఫైళ్ళ పేర్లు మాత్రమే కావాలంటే మామూలు ఎల్‌ఎస్ చాలు. వివరాలతో కూడిన ఎల్‌ఎస్ అడిగితే ఫైలు సైజు కోసం ఓఎస్‌టీలను కూడా అడగవలసి వస్తుంది. పెద్ద డైరెక్టరీలో ఇది చాలా బరువైన పని. వెతకడానికి మామూలు ఫైండ్ బదులు ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైండ్ వాడండి.

ఈ) లక్షల ఫైళ్ళను ఒకే డైరెక్టరీలో కుక్కకుండా ఉప డైరెక్టరీలుగా విడదీయండి.

2018లో వచ్చిన 2.11 వెర్షన్‌లో చిన్న ఫైలు సమాచారాన్ని మెటాడేటా సర్వర్ మీదే ఉంచే పద్ధతి కూడా చేర్చారు. దీనివల్ల గదుల వరకు వెళ్ళే పని తప్పుతుంది. అయితే ఆ స్థలం పరిమితం కనుక ఎంతవరకు వాడాలో నిర్వాహకులు నిర్ణయించాలి.

నాలుగవ మెట్టు: తాళాల తగాదా

ఇద్దరు ఒకే నోటుబుక్కులో ఒకే పేజీ మీద రాయబోతే ఏమవుతుంది? ఒకరు రాసి ఇచ్చాక మరొకరు రాయాలి. పుస్తకం చేతులు మారడంలోనే కాలం గడిచిపోతుంది. లస్టర్‌లో ఫైలులోని ఒక భాగాన్ని రాయాలంటే క్లయింట్ ఆ భాగానికి తాళం, అంటే లాక్ తీసుకోవాలి. మరొక క్లయింట్ అదే భాగాన్ని అడిగితే, మొదటివాడు తన మెమరీలో ఉన్న సమాచారాన్ని డిస్కుకు పంపి తాళం వదలాలి. రెండు నోడ్లు ఒకే ఫైలులో 64 కేబీ చొప్పున ఒకదాని పక్కన ఒకటి రాస్తుంటే తాళం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. డిస్కులు ఖాళీగా ఉంటాయి, పని మాత్రం సాగదు.

దీనికి మూడు మార్గాలు. నోడ్ల సంఖ్య తక్కువైతే ఒక్కొక్క ప్రాసెస్ తన ఫైలు తాను రాసుకోవచ్చు. ప్రాసెస్‌లు వేలల్లో ఉంటే మళ్ళీ చిన్న ఫైళ్ళ బెడద వస్తుంది కనుక ఒకే ఫైలు మంచిది. అప్పుడు ప్రతి ప్రాసెస్ రాసే చోటు స్ట్రైప్ సరిహద్దు దగ్గర మొదలయ్యేలా చూడాలి. మూడవది, ఎంపీఐ-ఐఓలోని సామూహిక రాత పద్ధతి. ఇందులో కొన్ని ప్రాసెస్‌లు మిగిలినవారి సమాచారాన్ని పోగుచేసి పెద్ద ముక్కలుగా రాస్తాయి. ప్రతి విద్యార్థీ స్టోరుకు వెళ్ళకుండా, గదికొకరు వెళ్ళి అందరి సబ్బులూ తెచ్చినట్లు.

ఐదవ మెట్టు: దారిలో ఎంత సరుకు ఉంది?

క్లయింట్ సర్వర్‌కు పంపే ఒక్కొక్క మూటను ఆర్‌పీసీ అంటారు. జవాబు రాకముందే ఒక ఓఎస్‌టీకి ఎన్ని మూటలు పంపవచ్చో చెప్పే అమరిక మాక్స్ ఆర్‌పీసీస్ ఇన్ ఫ్లైట్. సాధారణ విలువ 8. మూట సైజు పాత వెర్షన్లలో 1 ఎంబీ ఉండేది. తరువాతి వెర్షన్లలో 16 ఎంబీ వరకు పెంచే వీలు వచ్చింది.

లెక్క సులభం. మూట సైజును మూటల సంఖ్యతో గుణించి, ఒక మూట వెళ్ళి జవాబు రావడానికి పట్టే కాలంతో భాగించాలి. 1 ఎంబీ మూటలు 8, జవాబుకు 10 మిల్లీ సెకన్లు అయితే సెకనుకు 800 ఎంబీ. సర్వర్ మీద బరువు పెరిగి 40 మిల్లీ సెకన్లు పడితే 200 ఎంబీయే. డిస్కు 500 ఇవ్వగలిగినా మనం 200 దగ్గర ఆగిపోయాం. అప్పుడు మూట సైజు 4 ఎంబీ చేస్తే మళ్ళీ 800 వరకు వీలు కలుగుతుంది. అంటే ఇక డిస్కు వేగమైన 500 అందుకోవచ్చు.

దీనికి తోడు, రాయకుండా మెమరీలో ఆపి ఉంచగల సమాచారపు హద్దు, అంటే మాక్స్ డర్టీ ఎంబీ, పై మూటలన్నింటి మొత్తం కన్నా తగినంత ఎక్కువ ఉండాలి. లేకపోతే పంపడానికి మూటలే తయారుగా ఉండవు. వరుసగా చదివే పనులకు ముందుగానే చదివి ఉంచే రీడ్ అహెడ్ హద్దును పెంచితే మేలు. అక్కడక్కడా చదివే పనులకు అది అనవసరపు బరువు.

ఒక హెచ్చరిక. వేల నోడ్లున్న చోట అందరూ మూటల సంఖ్య పెంచితే సర్వర్ వాకిట్లో రద్దీ పెరిగి జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. ఈ అమరికలు నిర్వాహకుల చేతిలో ఉంటాయి. వారికి కొలతలు చూపి అడగాలి.

ఆరవ మెట్టు: డిస్కుల వైపు

ఓఎస్‌టీలను తరచుగా రెయిడ్-6 పద్ధతిలో 8 సమాచార డిస్కులు, 2 రక్షణ డిస్కులతో కడతారు. ఒక్కొక్క డిస్కు మీద ముక్క 128 కేబీ అయితే 8 డిస్కుల మీద సరిగ్గా 1 ఎంబీ. 1 ఎంబీ రాత సరిహద్దుకు సరిపడా వస్తే డిస్కులన్నీ ఒక్క ఊపున రాస్తాయి. సరిహద్దు తప్పితే పాత సమాచారం చదివి, రక్షణ లెక్క మళ్ళీ కట్టి రాయాలి. పని పెరుగుతుంది. పది డిస్కుల గుంపుకు బదులు తొమ్మిది, పదకొండు అంటూ తోచినట్లు కట్టకూడదనేది ఇందుకే.

ఎల్‌ఎఫ్‌ఎస్ డీఎఫ్ ఆదేశంతో ఏ ఓఎస్‌టీ ఎంత నిండిందో చూడవచ్చు. మామూలుగా లస్టర్ కొత్త ఫైళ్ళను వంతులవారీగా పంచుతుంది. ఖాళీ స్థలంలో తేడా 17 శాతం దాటితే ఎక్కువ ఖాళీ ఉన్నవాటికి ప్రాధాన్యం ఇస్తుంది. పనికిరాని ఫైళ్ళను తుడిచేయడం కూడా శ్రుతి చేయడంలో భాగమే.

గుర్తుంచుకోవలసిన అంశాలు

* ముందు కొలత, తరువాత మార్పు, మళ్ళీ కొలత.
* పెద్ద ఫైలుకు ఎక్కువ స్ట్రైప్‌లు, చిన్న ఫైలుకు ఒకటి.
* దారి వేగం దాటి స్ట్రైప్‌లు పెంచితే లాభం లేదు.
* చిన్న ఫైళ్ళను మూట కట్టాలి.
* ఒకే చోట ఇద్దరు రాయకుండా సరిహద్దులు చూసుకోవాలి.
* ఉమ్మడి యంత్రం మీద మన తొందర పక్కవారికి ఆలస్యం కాకూడదు.

అభ్యాసం

1) ఫైలు 60 జీబీ, ఓఎస్‌టీ వేగం సెకనుకు 300 ఎంబీ. స్ట్రైప్ కౌంట్ 1, 5 అయితే ఎంత సమయం పడుతుంది?

2) మూట 4 ఎంబీ, మూటల సంఖ్య 16, జవాబు సమయం 32 మిల్లీ సెకన్లు. ఓఎస్‌టీ వేగం సెకనుకు 500 ఎంబీ. మూటల సంఖ్య ఇంకా పెంచాలా?

3) కౌంట్ 8 ఉన్న డైరెక్టరీలో 50,000 చిన్న ఫైళ్ళు సృష్టిస్తే ఓఎస్‌టీల మీద ఎన్ని ముక్కలు ఏర్పడతాయి?

జవాబులు: 1) 200 సెకన్లు, 40 సెకన్లు. 2) అక్కర లేదు. దారి సెకనుకు 2,000 ఎంబీ ఇస్తోంది, డిస్కే హద్దు. స్ట్రైప్ కౌంట్ పెంచాలి. 3) 4 లక్షలు. కౌంట్ 1 అయితే 50 వేలే.

లస్టర్ ఉచితం. పాత కంప్యూటర్లు రెండు మూడు, ఒక స్విచ్చి ఉంటే, లేదా ఒకే కంప్యూటర్లో రెండు మూడు వర్చువల్ మెషిన్లు నడిపినా, పైన చెప్పిన ఆదేశాలన్నీ చేసి చూడవచ్చు. అక్కడ వేగం రాదు కానీ పద్ధతి వంటబడుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే "ఇది ఎందుకు నెమ్మదిగా ఉంది?" అని పైవారు అడుగుతారు. నోటుబుక్కు తెరిచి "రిజిస్టరు దగ్గర కాదు, దారిలో కాదు, ఇదిగో ఈ ఓఎస్‌టీ దగ్గర" అని అంకెలతో చెప్పగలిగినవారి మాటను ఎవరూ తోసివేయలేరు. ఆ అంకెలు మీ చేతిలో ఉండాలని మా కోరిక. ఇందులో అర్థంకానివి ఉంటే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి. కలిసి కూర్చుని లెక్క కడదాం.